వెంట్రుకవాసి ఎడం

మా సారు మీద నా కోపం చల్లారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. పెద్దమనసు చేసుకుని వదిలెయ్యమని మా ఇంటాయన చాలాసార్లు చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా బెంగళూరు పీణ్యలో ఒక మిషన్ షాపులో ఇనుము చెక్కే లేత్ మీద నిలబడి పనిచేసే మనిషి, ఆయనకు ఓపిక ఎక్కువ. నాకు ఆ ఓపిక దేవుడు ఇవ్వలేదు.

మా తాత మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. నేను బీఎస్సీలో జంతుశాస్త్రం చదివి, ఒక కాలేజీ ల్యాబులో స్లైడ్లు తయారు చేసుకుంటూ పదేళ్ళు గడిపాను. తర్వాత బెళ్ళందూరులో, రింగు రోడ్డు మీద, ఒక అద్దాల బిల్డింగు ఐదో అంతస్తులో ఉన్న కంపెనీలో చేరాను. పొద్దున మెట్రో, ఆపైన బస్సు, ఆపైన నడక. దుమ్ము కొట్టుకుపోయి చేరేదాన్ని.

పని ఇదీ. ఆసుపత్రిలో ఆడవాళ్ళ రొమ్ములో గడ్డ వస్తే చిన్న ముక్క తీసి, పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో అంతా గులాబీ రంగు, దాని మధ్య నీలంగా కణకేంద్రకాలు. మేము వాటిని చుక్కలు అనేవాళ్ళం. నేను తెర మీద డిజిటల్ పెన్నుతో ఒక్కో చుక్క చుట్టూ గీత గియ్యాలి. గీత లోపలి భాగాన్ని కంప్యూటరు కొలిచి, ఈ చుక్క ఇంత పెద్దది, ఇంత వంకర అని చెబుతుంది. నేను గీసినవి చూసి చూసి చివరకు ప్రోగ్రామే సొంతంగా గియ్యడం నేర్చుకుంటుంది. ఆ కొలతలు తీసుకుని ఇంకో ప్రోగ్రాము కంప్యూటర్లోనే ఆ గడ్డను పెంచి చూస్తుంది, రెండేళ్ళలో ఎంతవుతుందో లెక్క కడుతుంది. దాన్ని వాళ్ళు సిమ్యులేషన్ అనేవాళ్ళు. గడ్డ మెల్లగా పెరిగే రకమైతే ఆ తల్లికి జుట్టు ఊడే మందులు తప్పించవచ్చు. దాని కోసమే అంతా.

సారు నాకంటే చిన్నవాడు. బయటి దేశంలో పీహెచ్‌డీ చేసి వచ్చాడు. తెలుగు మనిషి కనపడిందని మొదటిరోజే అక్కా అని పిలిచాడు. నా వెనక నిలబడి తెర చూస్తూ, "అక్కా, మీ హ్యాండ్ గోల్డ్ అక్కా. ఈ ప్రాజెక్ట్ మొత్తం మీ మీదే డిపెండ్ అయి ఉంది," అనేవాడు. నేను వెర్రిదాన్ని, ఐసుముక్కలా కరిగిపోయేదాన్ని. ఇంటికొచ్చి ఆ మాట ఇంటాయనకు రెండుసార్లు చెప్పేదాన్ని.

పని ఎక్కువై, ఇంకో ముగ్గురిని చూడమన్నాడు. మా వీధిలోనే డిగ్రీలు చదువుకుని ఇంట్లో కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళను తీసుకొచ్చాను. వాళ్ళలో చిన్నది మా ఎదురింటి అమ్మాయి, పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ ముగ్గురికీ పని నేర్పింది నేనే. పెన్ను పట్టుకోవడం రెండు రోజుల్లో వచ్చేసింది. ఎందుకు రాదు? రోజూ వాకిట్లో ముగ్గు వేసే చేతులు. మెలికల ముగ్గు తెలిసినవాళ్ళకు తెలుసు, చుక్కలు పెట్టాక గీత వాటి చుట్టూ తిరుగుతూ పోవాలి గానీ ఏ చుక్కనూ తాకకూడదు. తాకిందంటే మా అమ్మ మొత్తం చెరిపించేది. నేను వీళ్ళకూ అదే చెప్పాను. "గీత చుక్కకు తగలకూడదు. తగిలితే అంచు కనపడకుండా పోతాది." ముగ్గురూ తలూపారు. కొత్తగా నేర్చుకోవాల్సిన సంగతి కాదు వాళ్ళకు. పక్కనే ఉన్న సారు కూడా విని, "సూపర్ లాజిక్ అక్కా," అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, ఆయన విన్నాడు.

మా నలుగురి గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే కచ్చితంగా కలిసిపోయేవి. వేరే కంపెనీల్లో ఒకరి గీతకూ ఒకరి గీతకూ పొంతన ఉండదట. ఆయన ప్రతి మీటింగులోనూ మా గీతలను తెర మీద వేసి, చూడండి, నలుగురు మనుషులు, ఒకటే గీత అని మురిసిపోయేవాడు. మేమూ మురిసిపోయాం. ఏడాదిన్నర గీశాం. కళ్ళు మండేవి, మెడ పట్టేసేది. బస్సులో నలుగురం పక్కపక్కన కూర్చుని ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయేవాళ్ళం.

ప్రోగ్రాము గియ్యడం నేర్చుకుంది. ఆ శుక్రవారమే ముగ్గురికీ మెయిలు వచ్చింది, సోమవారం నుంచి రానక్కర్లేదని. కూరలో కరివేపాకును తీసి పక్కన పెట్టినట్టు పెట్టేశారు. సారు ఆ రోజు ఆఫీసుకే రాలేదు. ప్రోగ్రాము సరిగ్గా గీస్తోందో లేదో చూడటానికి నన్నొక్కదాన్ని ఉంచుకున్నారు.

తర్వాత ఈ పని మీద సారు రాసిన పరిశోధన పేపరు అచ్చయింది. పెద్ద పత్రికలో. ఆఫీసులో కేకు కోశారు. నేను కూడా ఒక ముక్క తిని, నా సీటు దగ్గరకు వచ్చి పేపరు తెరిచాను. పైన రచయితల్లో నా పేరు ఉంటుందని ఆశపడలేదు, అంత అమాయకురాలిని కాను. చివర కృతజ్ఞతల్లో వెతికాను, అక్కడా లేదు. పోనీలే అనుకున్నాను. పని ఎలా చేశారో చెప్పే భాగం చదివాను. అక్కడుంది అసలు సంగతి. కణకేంద్రకాల చుట్టూ గీతలను అనుభవజ్ఞులైన పాథాలజిస్టులు గీశారు అని రాసి ఉంది. పాథాలజిస్టులట! అంటే జబ్బు ముక్కలు చూసే పెద్ద డాక్టర్లు. మాకు నమూనాలు పంపిన ఆసుపత్రి డాక్టర్లు ఫొటోలు పంపడం తప్ప పెన్ను ముట్టుకున్న పాపాన పోలేదు.

ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళాను. "సార్, ఏ డాక్టరు గీసినాడు? ఒక్క చుక్కకైనా ఒక్కరన్నా గీసినారా?"

ఆయన నవ్వాడు. "అక్కా, అది జస్ట్ ఫార్మాలిటీ. హౌస్‌వైవ్స్ గీశారని రాస్తే పత్రిక వాళ్ళు యాక్సెప్ట్ చేస్తారా చెప్పండి. పర్సనల్‌గా తీసుకోవద్దు."

"పర్సనల్ కాక ఇంకేముంది సార్? నా చెయ్యి కదా."

"మీ కాంట్రిబ్యూషన్ నాకు తెలుసు కదక్కా. అది చాలదా?" అని, ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఫోను మోగనేలేదు.

పైవాళ్ళకు మెయిలు రాశాను. మూడు వారాల తర్వాత చూశాం అని ఒక్క మాట జవాబు వచ్చింది. అంతే.

అయినా, అది నా ఒక్కదాని బాధగా ఉండి ఉంటే బహుశా నేనూ మింగేసేదాన్ని. ఎదురింటి అమ్మాయి బ్రూక్‌ఫీల్డ్‌లో ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఇదే పని, ఊపిరితిత్తుల ఫొటోల మీద. అనుభవం ఉందా అంటే మా పేపరు గురించి చెప్పింది, ఆ గీతలు నేనే గీశానంది. వాళ్ళు అక్కడికక్కడే పేపరు తెరిచి, ఇందులో పాథాలజిస్టులు గీశారని ఉందే, మీరు డాక్టరా అని అడిగారట. ఆ సాయంత్రం ఇంటర్వ్యూకి కట్టుకున్న చీరలోనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అబద్ధం చెప్తా ఉండానని మొగం మీదే అన్నారక్కా. దొంగను చూసినట్ల చూసినారు," అంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని, ఏడవలేదు కూడా.

ఆ క్షణంలో నిశ్చయించుకున్నాను. నాకు క్షమాపణ వద్దు, ఉత్తరం వద్దు. గీసింది వీళ్ళే అని ఆయన నోటితో ఆయనే, పదిమంది ముందు చెప్పాలి. చెప్పిస్తాను. ఎలాగో మాత్రం తెలియదు. పళ్ళు బిగబట్టుకుని ఆఫీసుకు వెళ్ళివస్తూ ఉన్నాను. ఆయన గుడ్ మార్నింగ్ అక్కా అంటే గుడ్ మార్నింగ్ సార్ అనేదాన్ని.

దారి ఆయనే చూపించాడు. ఊర్లోనే ఇంకో ఆసుపత్రి వాళ్ళు ఈ ప్రోగ్రామును నిజంగా రోగుల మీద వాడటం మొదలుపెట్టే ముందు, కొలత సరిగ్గా ఉందో లేదో ఒక పరీక్ష చేసి చూపించమన్నారు. దానికి చిన్న చిన్న ప్లాస్టిక్ పూసలు దొరుకుతాయి, కంటికి కనపడనంత చిన్నవి. ఏ పూస ఎంత వెడల్పో తయారు చేసినవాళ్ళే రాసి ఇస్తారు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి ఫొటో తీసి ప్రోగ్రాముకు ఇస్తే, రాసిన కొలతే రావాలి. "రొటీన్ పని అక్కా, మీరే చేసేయండి," అని డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చేశాను. ప్రతి పూసా ఉన్నదానికంటే పెద్దదిగా వచ్చింది. మైక్రోస్కోపు చెడిందనుకుని కొలత గీతలు చెక్కి ఉన్న స్లైడు పెట్టి చూశాను, అది బాగానే ఉంది. ప్రోగ్రామును పక్కన పెట్టి నేనే పెన్నుతో పూసల చుట్టూ గీశాను. అప్పుడూ పెద్దవే వచ్చాయి. అంతే పెద్దవి. తెర మీద ఒక పూసను బాగా పెంచి చూశాను. పూస అంచుకూ నా గీతకూ మధ్య వెంట్రుకవాసి తెల్లటి ఎడం ఉంది. గులాబీ రంగు ముక్కల్లో ఆ ఎడం ఎవరి కంటికీ ఆనదు. ఇక్కడ వెనక ఏ రంగూ లేదు కాబట్టి స్పష్టంగా కనపడింది.

ఇంటికి వెళ్ళి మా ఇంటాయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, "నువ్వు పూసను కొలిచినావా, పూస పక్కనుండే గాలిని కొలిచినావా?" అన్నాడు. లేత్ మీద పనిచేసేవాడికి అంతకంటే వివరించనక్కర్లేదు. అంచు మీద ఆనించి కొలవాలని అక్కడ మొదటిరోజే చెబుతారట. మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే, నేను చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

మర్నాడు ఆదివారం. పూసల ఫొటోలు కాగితం మీద పెద్దగా అచ్చేసి ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళాను. పెన్సిలిచ్చి చుట్టూ గియ్యమన్నాను. ముగ్గురూ ఎడం వదిలే గీశారు. ఎదురింటి అమ్మాయి పెన్సిలు తిరిగిస్తూ, "దేనికక్కా ఇది?" అంది. "సుమ్నె," అన్నాను, అంటే ఊరికే అని. మా మధ్య కన్నడం మాటలు అలాగే దొర్లుతుంటాయి. అబద్ధం చెప్పడానికి కన్నడమైతే ఏమిటి, తెలుగైతే ఏమిటి.

అంటే ఏడాదిన్నర పాటు మేం నలుగురం వేల చుక్కల చుట్టూ ముగ్గు వేశాం. నలుగురం ఒకేలా తప్పు చేశాం కాబట్టే మా గీతలు అంత బాగా కలిశాయి. ప్రోగ్రాము మా చేతిని నేర్చుకుంది, ఎడంతో సహా. పెద్ద చుక్క చుట్టూ వెంట్రుకవాసి ఎక్కువైతే లెక్కలో పెద్ద తేడా ఉండదు. చిన్న చుక్క చుట్టూ అంతే ఎడం ఉంటే చుక్క కొలత ఎక్కడికో పోతుంది. మెల్లగా పెరిగే మెతక గడ్డల్లో చుక్కలు చిన్నవి, చకచకా పెరిగేవాటిలో పెద్దవి. సిమ్యులేషన్‌లో ఆ మెతక గడ్డే రౌడీ గడ్డగా కనపడి, చకచకా పెరిగిపోతుంది. అప్పుడు మందులు అక్కర్లేని ఆడమనిషికి జుట్టూ ఒంట్లో శక్తీ పోగొట్టే మందులు ఎక్కిస్తారు.

ఆసుపత్రి వాళ్ళు చూడటానికి వచ్చే మీటింగుకు ఇంకా పదకొండు రోజులుంది. పద్ధతైన మనిషి అయితే సోమవారం పొద్దున్నే వెళ్ళి సారుకు చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఆయన తెలివైనవాడు, అది కాదనను. ఒక్క పూటలో ప్రోగ్రాములో గీతను వెంట్రుకవాసి లోపలికి జరిపి, ఎవరికీ తెలియకుండా సర్దేస్తాడు. పేపర్లో పాథాలజిస్టులు పాథాలజిస్టుల్లాగే ఉంటారు. మేము గాల్లో కలిసిపోతాం. అదే తప్పు పదిమంది ముందు బయటపడితే ఆయనకు రెండే దారులు. పెద్ద డాక్టర్లకు చుక్క అంచు ఎక్కడుందో తెలియదని చెప్పాలి, లేదా గీసింది డాక్టర్లు కాదని ఒప్పుకోవాలి. ఆలోచించిన కొద్దీ నాకు నోరూరింది.

ఉన్న మాట రాస్తున్నాను. ముందు పగ గురించి ఆలోచించాను, రోగుల గురించి తర్వాత. మంగళవారం ఆసుపత్రి ల్యాబుకు ఫోను చేసి, ప్రోగ్రాము ఎవరి మీదైనా వాడుతున్నారా అని అడిగాను. ఇంకా లేదు, మీటింగు అయ్యాకే అన్నారు. గుండె కుదుటపడింది. వాడుతున్నామని వాళ్ళు చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పేసేదాన్ననే అనుకోవాలని ఉంది.

ఆ పదకొండు రోజులూ ఆయనతో నేనున్నంత తియ్యగా ఎప్పుడూ లేను. ఒకరోజు చిత్రాన్నం చేసుకుని వెళ్ళి పెట్టాను. వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. "పూసల టెస్ట్ ఓకేనా అక్కా?" అన్నాడు. "మీటింగులో నేనే చూపిస్తాను సార్, తెర మీద," అన్నాను. "గ్రేట్, చివర్లో ఒక ఐదు నిమిషాలు మీకే," అన్నాడు. రిపోర్టు తెరిచి చూడనైనా చూడలేదు. నా పని మీద అంత నమ్మకం! పేపర్లో పెట్టడానికి మాత్రం ఆ నమ్మకం చాలలేదు.

మీటింగు రోజు ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. అరవై దాటిన పాథాలజిస్టు, తెల్లజుట్టు, నూలు చీర. వెంట ఇద్దరు చిన్న డాక్టర్లు. మా కంపెనీ పైవాళ్ళు నలుగురు. సారు కొత్త చొక్కా తొడుక్కుని గంటసేపు ఇంగ్లీషులో దంచాడు. మా నలుగురి గీతలు తెర మీదకు వచ్చాయి. అనుభవజ్ఞులైన పాథాలజిస్టులు గీసినవి, ఎంత బాగా కలిశాయో చూడండి అన్నాడు. నేను అక్కడే, ఆయనకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. నా వైపు చూడనైనా చూడలేదు.

చివర నా వంతు వచ్చింది. పూసలు చూపించాను. రాసిన కొలత ఇది, ప్రోగ్రాము కొలిచింది ఇది అన్నాను. పూసను పెంచి ఎడం చూపించాను. తర్వాత ఆయన ఇందాక చూపించిన గీతలనే తెచ్చి, అదే పెంపులో పూస పక్కన పెట్టాను. అక్కడా అదే ఎడం.

డాక్టరమ్మ లేచి తెర దగ్గరకు వచ్చి కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడది చిత్తూరు సరిహద్దు వైపు, మేం తెలుగువాళ్ళమని పొద్దున్నే కనుక్కుంది. సారు వైపు తిరిగి, "ఎవరప్పా ఇవి గీసింది?" అంది.

"పాథాలజిస్ట్స్, మేడం. పేపర్లో ఉంది కదా."

"ఏ పాథాలజిస్టూ ఇట్ల గియ్యడు. నలభై ఏండ్లుగా చూస్తా ఉండాను. అంచు వదిలి ఎవరు గీస్తారు? వాళ్ళెవరో చెప్పు. ఈ ఊర్లో ఈ పని చేసేవాళ్ళందరూ నాకు తెలుసు, ఇప్పుడే ఫోన్ చేస్తాను." ఆవిడ నిజంగానే సంచిలోంచి ఫోను తీసింది.

పైవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు. మెడ మీద చెమట కొత్త చొక్కా కాలరు మీదకు దిగింది. ఒక క్షణం నా కళ్ళలోకి చూశాడు, అక్కా అన్నట్టు. నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడు ఒక్కసారిగా వేలు నా వైపు చాపి అరిచాడు.

"ఈవిడ మేడం! మొత్తం ఈవిడే గీసింది. ఈవిడ, ఈవిడ తెచ్చిన ముగ్గురు హౌస్‌వైవ్స్. డాక్టర్స్ ఎవరూ టచ్ చేయలేదు. ఆ మిస్టేక్ వీళ్ళది, నాది కాదు!"

నేను లేచి నిలబడ్డాను. "అవును మేడం," అన్నాను. "ప్రతి గీతా మాదే. తప్పు కూడా మాదే. నేనే వాళ్ళకు అట్ల నేర్పించినాను. సారు పక్కనే నిలబడుకొని విన్నాడు."

డాక్టరమ్మ నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది. "మరి పేపర్లో డాక్టర్లని ఎందుకు రాసినావప్పా?" అంది, చాలా మెల్లగా. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

మీటింగు అయ్యాక కారిడారులో నన్ను పట్టుకున్నాడు. "మీకు ముందే తెలుసు కదా. నాకొక్క మాట చెప్పి ఉంటే ఫిక్స్ చేసేవాణ్ణి కదక్కా!"

"ఫిక్స్ చేసేవారు సార్, తెలుసు," అన్నాను. "అందుకే చెప్పలేదు." లిఫ్టు కోసం ఆగకుండా ఐదంతస్తులూ మెట్లు దిగాను. కాళ్ళు గాల్లో ఉన్నట్టుంది. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను, పక్కనావిడ జరిగి కూర్చుంది.

ఆసుపత్రి వాళ్ళు ప్రోగ్రామును వెనక్కి పంపేశారు. ఆయన్ని ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. నెల తిరక్కుండా నన్నూ రావద్దన్నారు, అది నేను అనుకున్నదే. కొన్నాళ్ళకు ఆ పత్రికలో సవరణ వచ్చింది. గీతలు గీసింది పాథాలజిస్టులు కాదని, వైద్య శిక్షణ లేని నలుగురు మహిళలని, వాళ్ళ గీతల్లో మొదటినుంచీ ఒకే రకమైన పొరపాటు ఉందని, అందువల్ల ఫలితాలను నమ్మవద్దని. నలుగురు మహిళలు! అచ్చులో! నాలుగు కాపీలు తీయించి ముగ్గురి ఇళ్ళకూ స్వయంగా వెళ్ళి ఇచ్చాను. ఇద్దరు సంతోషపడ్డారు. ఎదురింటి అమ్మాయి రెండుసార్లు చదివి, మడిచి పెట్టుకుని, "ఇది చూపించొచ్చా అక్కా?" అంది. "చూపించు. ఇంక నీది అబద్ధం అనేవాడు లేడు," అన్నాను.

ఆమె మళ్ళీ బ్రూక్‌ఫీల్డ్‌లోని అదే కంపెనీకి వెళ్ళింది. సాయంత్రం ఫోను చేసింది, ఎదురుగా ఇల్లున్నా ఫోనే చేసింది.

"కాగితం చూపించినానక్కా. చదివి నవ్వినారు. తప్పు గీతలు గీసింది మీరేనా అన్నారు. పోయినసారి అబద్ధం చెప్పినానని పంపించినారు. ఇప్పుడు నిజం చెప్పినానని పంపించినారు. ఆ ఆదివారం పెన్సిలిచ్చి గీయించినావు కదా. అప్పుడే నాకు చెప్పింటే, ఎక్కడ తప్పు పోయిందో నేనే వాళ్ళకు చెప్పుకొనుండేదాన్ని కదక్కా. నేర్చుకుందిలే అనుకొనుందురు."

చెప్పి ఉంటే ఆ మాట నలుగురిలో పడి సారు చెవికి చేరుతుందని భయపడ్డాను. అందుకే దాచాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. సరేలే అక్కా అని ఫోను పెట్టేసింది. ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతుంది, నిలబడదు.

మీటింగులో సారు నా వైపు వేలు చాపి అరిచిన క్షణం ఉందే, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళంతా హాయిగా ఉంటుంది. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.